ఓడలో ఆఖరి మాట కెప్టెన్‌దే: ఆ మాటకు చట్టం పెట్టిన బరువు

సోంపేట, కంచిలి, కవిటి, ఇచ్ఛాపురం వైపు ఏ ఊరికి వెళ్లినా షిప్పులో పనిచేసేవాళ్లు ఒకరిద్దరైనా తగులుతారు. ఓఎస్‌గా (కొత్త డెక్ నావికుడిగా) ఎక్కి ఏబీ (అనుభవమున్న డెక్ నావికుడు) అయినవాళ్లు, ఆయిలర్లు, ఫిట్టర్లు, కుక్కులు, ఇప్పుడిప్పుడే డెక్ క్యాడెట్లుగా వెళ్తున్న కుర్రాళ్లు. సంతబొమ్మాళి మండలం మూలపేటలో 2023 ఏప్రిల్ 19న శంకుస్థాపన జరిగిన పోర్టు పూర్తయితే సరుకు ఓడలు ఈ తీరానికే వస్తాయి. అలాంటి ఒక్కో ఓడ మీద ఇరవై పాతికమంది ఉంటారు. వాళ్ల ప్రాణాలకు, కోట్ల విలువైన సరుకుకు, సముద్రంలో పడే నూనెకు చట్టం ముందు నిలబడి జవాబు చెప్పుకోవలసింది కెప్టెన్.

ఓడ నడపడమంటే చుక్కాని తిప్పడమని చాలామంది అనుకుంటారు. చుక్కాని పట్టేది ఏబీ. రేవులోకి వచ్చేటప్పుడు పైలట్ (ఆ రేవు దారి తెలిసిన స్థానిక నిపుణుడు) "పోర్ట్ టెన్" అంటాడు, అంటే చుక్కాని ఎడమకు పది డిగ్రీలు. ఏబీ ఆ మాటను తిరిగి పలికి చక్రం తిప్పుతాడు. పక్కన నిలబడ్డ ఆఫీసర్ రడ్డర్ ఇండికేటర్ ముల్లు అటే కదిలిందో లేదో చూస్తాడు. ఆ సమయానికి కెప్టెన్ చేతులు ఖాళీగానే ఉంటాయి. వీళ్లందరి పనీ సరిగ్గా సాగుతోందా అని కనిపెట్టుకుని ఉండటం, సాగకపోతే ఆపడం ఆయన పని. కెప్టెన్ల మీద నడిచిన పెద్ద కేసులు తిరగేస్తే నౌకాయానం రాక చిక్కుకున్నవాళ్లు తక్కువ. ఆపవలసిన చోట ఆపనివాళ్లు, ఆపినా రాసిపెట్టుకోనివాళ్లు ఎక్కువగా కనిపిస్తారు.

వద్దు అనే అధికారం

1987 మార్చి 6న బెల్జియంలోని జీబ్రుగ్ రేవు నుంచి హెరాల్డ్ ఆఫ్ ఫ్రీ ఎంటర్‌ప్రైజ్ అనే ఫెర్రీ ముందు తలుపులు తెరుచుకునే ఉండగా బయల్దేరి, రేవు దాటగానే ఒరిగిపోయింది. 193 మంది చనిపోయారు. తలుపులు మూయవలసిన మనిషి నిద్రలో ఉన్నాడు. అవి మూసుకున్నాయో లేదో బ్రిడ్జి (ఓడను నడిపే పై గది) మీదున్న కెప్టెన్‌కు తెలిసే ఏర్పాటు లేదు. అందుకోసం ఒక సూచిక దీపం పెట్టించమని అంతకుముందే కెప్టెన్లు అడిగినా కంపెనీ పట్టించుకోలేదు. విచారణ ఓడ సిబ్బంది దగ్గర ఆగకుండా కంపెనీ ఆఫీసు గది దాకా వెళ్లింది. ఓడల భద్రతా నిర్వహణకు అంతర్జాతీయ నియమావళి అయిన ఐఎస్ఎం కోడ్ పుట్టుకకు ఇలాంటి ప్రమాదాలే కారణం. అది 1998 జులై 1 నుంచి ప్రయాణికుల ఓడలకు, ట్యాంకర్లకు, బల్క్ క్యారియర్లకు, 2002 జులై 1 నుంచి 500 గ్రాస్ టన్నులు, అంతకు మించిన మిగతా సరుకు ఓడలకు తప్పనిసరైంది.

ఈ కోడ్ 5వ విభాగం పూర్తిగా కెప్టెన్ గురించే. కంపెనీ భద్రతా విధానాన్ని ఓడలో అమలు చేయాలి, సిబ్బందిని ఆ దారిలో నడిపించాలి, ఆదేశాలు స్పష్టంగా తేలికగా ఇవ్వాలి, అవి పాటిస్తున్నారో లేదో తనిఖీ చేయాలి, విధానంలోనే లోపముంటే ఒడ్డున ఉన్న యాజమాన్యానికి రాయాలి. ఆ వెంటే ఇంకో మాట ఉంది: భద్రత, కాలుష్య నివారణ విషయాల్లో తుది నిర్ణయాధికారం కెప్టెన్‌దేనని కంపెనీ తన సొంత పత్రాల్లో రాసి ఉంచాలి. సముద్రంలో ప్రాణరక్షణ కోసం దేశాలు చేసుకున్న సోలాస్ ఒప్పందం 5వ అధ్యాయంలోని 34-1 నిబంధన దీన్ని మరింత గట్టిగా చెబుతుంది. సముద్రంలో ప్రాణరక్షణకు, సముద్ర పర్యావరణ రక్షణకు అవసరమని కెప్టెన్ తన వృత్తి జ్ఞానంతో తీసుకునే నిర్ణయాన్ని ఓనర్ గానీ, చార్టరర్ (ఓడను అద్దెకు తీసుకున్నవాడు) గానీ, కంపెనీ గానీ అడ్డుకోకూడదు.

కాగితం మీద ఇంత బలంగా ఉన్న అధికారం ఓడ మీద ఎందుకు తడబడుతుంది? ఓడ ఒక్కరోజు ఆగితే అద్దె రూపంలో పోయేది లక్షల్లో ఉంటుంది. చార్టరర్ నుంచి మెయిల్ మీద మెయిల్ వస్తుంది. ఏజెంట్ గంటకోసారి ఫోన్ చేస్తాడు. వచ్చే కాంట్రాక్టు ఇచ్చేది కూడా ఇదే కంపెనీ. "ఆపొద్దు" అని ఎవరూ నేరుగా అడ్డం పడరు, "మిగతా కెప్టెన్లు వెళ్తున్నారు కదా" అంటారు. ఈ మాటకు లొంగి బయల్దేరి ప్రమాదం జరిగితే, ఆ మాట అన్నవాడి పేరు లాగ్‌బుక్‌లో ఉండదు. అందుకే అనుభవమున్న కెప్టెన్లు ఫోన్‌లో వచ్చిన ప్రతి ఒత్తిడినీ వెంటనే మెయిల్‌లోకి మార్చేస్తారు: "మీరు ఫోన్‌లో చెప్పినది ఇది, నా నిర్ణయం ఇది, కారణం ఇది." దాని కాపీ కంపెనీలో డిజిగ్నేటెడ్ పర్సన్‌కు పోవాలి. ఐఎస్ఎం కోడ్ ప్రకారం యాజమాన్యంలో అందరికన్నా పైవాళ్లను నేరుగా కలవగలిగే వ్యక్తి ఆయనే. ఇలా రాతలో పడ్డాక చాలా ఒత్తిళ్లు వాటంతటవే సద్దుమణుగుతాయి.

తడిసిన ఖనిజం, 25 దెబ్బలు

ఈ అధికారం నిజంగా పరీక్షకు నిలబడే చోటు సరుకు ఎక్కించే బెర్త్. విశాఖ, పారదీప్ రేవుల్లో ఎక్కే ఇనుప ఖనిజం పొడినే తీసుకుందాం. వానాకాలంలో స్టాక్‌యార్డులో బయట కుప్పపోసి ఉంటుంది. చూడటానికి తడి మట్టిలా గట్టిగానే ఉంటుంది. ఓడ బయల్దేరాక ఇంజన్ అదురుకు, అలల ఊపుకు రేణువులు దగ్గరగా సర్దుకుంటాయి. మధ్యలో ఉన్న నీటికి పోవడానికి చోటుండదు, ఒత్తిడి పెరుగుతుంది, రేణువుల మధ్య పట్టు తప్పుతుంది. అప్పటిదాకా గట్టిగా ఉన్న కుప్ప ఉన్నట్టుండి బురదలా పారి ఒక పక్కకు చేరుతుంది. ఓడ అటు ఒరిగాక రెండో ఊపులో అది వెనక్కి రాదు. 2009 జులైలో మంగళూరు దగ్గర ఏషియన్ ఫారెస్ట్, అదే ఏడు సెప్టెంబర్‌లో పారదీప్ దగ్గర బ్లాక్ రోజ్ మునిగాయి. రెండూ ఇనుప ఖనిజం పొడితో బయల్దేరినవే, రెండూ వానాకాలంలోనే.

2011 నుంచి తప్పనిసరైన ఐఎంఎస్‌బీసీ కోడ్ (గుట్టగా పోసే సరుకుల అంతర్జాతీయ నియమావళి) ప్రకారం ఇలాంటి సరుకుకు రెండు కాగితాలు ఉండాలి. ఎంత తేమ దాకా సురక్షితమో చెప్పే టీఎంఎల్ సర్టిఫికెట్ ఒకటి, ఇప్పుడు ఎంత తేమ ఉందో చెప్పే పరీక్ష ఫలితం ఇంకొకటి. మొదటిది ఆరు నెలలకు మించి పాతది కాకూడదు. రెండోది లోడింగ్‌కు ముందు ఏడు రోజుల్లోపు తీసినదై ఉండాలి. మధ్యలో గట్టి వాన పడితే మళ్లీ తీయాలి. తేమ టీఎంఎల్ కన్నా ఎక్కువుంటే మామూలు బల్క్ క్యారియర్‌లోకి ఎక్కించకూడదు.

కాగితాలు సరిగ్గానే ఉంటాయి, కుప్ప మాత్రం తడిగా ఉంటుంది. అక్కడే కెప్టెన్ తన కళ్లను నమ్మాలి. కోడ్‌లోనే ఒక చిన్న పరీక్ష ఉంది. అర లీటరు నుంచి లీటరు పట్టే డబ్బాను సగం దాకా సరుకుతో నింపాలి. గట్టి బల్ల మీదికి సుమారు 20 సెంటీమీటర్ల ఎత్తు నుంచి ఠక్కున కొట్టాలి. ఒకటి రెండు సెకన్ల తేడాతో ఇలా 25 సార్లు. పైన నీరు తేలినా, సరుకు జారుడుగా మారినా మళ్లీ ల్యాబ్ పరీక్ష జరిగేదాకా ఎక్కించకూడదు. ఇక్కడ చాలామంది పొరబడే విషయం ఒకటుంది. ఈ పరీక్షలో నీరు తేలకపోయినంత మాత్రాన సరుకు సురక్షితమని కాదు. తేమ టీఎంఎల్ దాటినా డబ్బాలో నీరు కనిపించకపోవచ్చు. ఇది ఆపడానికి పనికొచ్చే పరీక్ష, అనుమతించడానికి సరిపోదు.

ఆపాలని నిర్ణయించాక వరస ముఖ్యం. చీఫ్ ఆఫీసర్ చేత లోడింగ్ ఆపించి టైం లాగ్‌లో రాయించాలి. షిప్పర్‌కు (సరుకు పంపేవాడికి), టెర్మినల్‌కు లెటర్ ఆఫ్ ప్రొటెస్ట్ (అభ్యంతర పత్రం) ఇచ్చి అందినట్టు సంతకం తీసుకోవాలి. వాళ్లు సంతకం పెట్టనంటే ఆ సంగతి కూడా కాగితం మీదే రాయాలి. కంపెనీకి, పీ అండ్ ఐ క్లబ్ (ఓనర్ల బాధ్యతలకు బీమా ఇచ్చే సంఘం) స్థానిక ప్రతినిధికి ఫొటోలతో సహా తెలపాలి. స్వతంత్ర సర్వేయర్ వచ్చి కుప్పలో పైపైన కాకుండా లోపలి నుంచి నమూనాలు తీయాలి. పైపొర ఎండకు ఆరి ఉంటుంది, నీరు అడుగున చేరుతుంది. ఈ తతంగానికి రెండు మూడు రోజులు పోయినా, ఇందులో కెప్టెన్‌ను తప్పుపట్టే నిబంధన ఏదీ లేదు.

ఇదే బెర్త్‌లో ఇంకో సంతకం ఎదురవుతుంది. సరుకు పైకి కనిపించేంతవరకు మంచి స్థితిలో ఓడకెక్కిందని చెప్పే బిల్ ఆఫ్ లేడింగ్. తుప్పు మచ్చలున్న స్టీల్ కాయిల్స్ ఎక్కాయనుకుందాం. మేట్స్ రిసీట్‌లో (సరుకు అందినట్టు చీఫ్ ఆఫీసర్ ఇచ్చే రసీదు) "తుప్పు మచ్చలు ఉన్నాయి" అని రాస్తే అదే మాట బిల్ మీదికి రావాలి. అలా వస్తే అవతల బ్యాంకు డబ్బు చెల్లించదు. అందుకని షిప్పర్ "క్లీన్ బిల్ ఇవ్వండి, నష్టం వస్తే మేం భరిస్తాం" అంటూ హామీ పత్రం ఇస్తానంటాడు. తెలిసి తెలిసి అబద్ధపు బిల్ మీద సంతకం పెట్టడం మోసమవుతుంది. మోసానికి ఇచ్చిన హామీని కోర్టులు అమలు చేయించవు. పైగా పీ అండ్ ఐ బీమా కూడా చేతికి అందకుండా పోతుంది. ఓనర్ చెప్పాడు కదా అని పెట్టిన సంతకం ఓనర్‌నే ముంచుతుంది.

వాయుగుండం పట్టినప్పుడు

అక్టోబర్, నవంబర్ నెలల్లో ఉత్తరాంధ్ర తీరం ముందు లంగరేసి ఉన్న ఓడకు ఈ తీరం పెద్ద ప్రమాదం. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ విశాఖ దగ్గర, 2018 అక్టోబర్ 11న తిత్లీ పలాస సమీపంలో తీరం దాటాయి. తుపాను పశ్చిమ, వాయవ్య దిశలుగా వస్తున్నప్పుడు దాని కుడి భాగంలో గాలి ఉధృతం. అక్కడ గాలి సముద్రం వైపు నుంచి తీరం మీదికి తోస్తుంది. లంగరు జారితే ఓడ పోయేది ఒడ్డుకే. 2020 అక్టోబర్‌లో వాయుగుండం సమయంలో ఎంవీ మా అనే బంగ్లాదేశ్ సరుకు ఓడ లంగరు నిలవక విశాఖ తెన్నేటి పార్కు దగ్గర ఒడ్డెక్కిన దృశ్యం ఈ ప్రాంతం వాళ్లందరికీ గుర్తే.

కెప్టెన్ ముందున్న ప్రశ్న ఉండాలా, వెళ్లాలా అని. దీనికి బారోమీటర్ చాలా నమ్మకమైన సాక్షి. రోజూ ఉదయం సాయంత్రం వచ్చే సహజమైన హెచ్చుతగ్గులను సరిచేశాక, ఆ కాలానికి మామూలుగా ఉండవలసిన దానికన్నా గాలి ఒత్తిడి 3 హెక్టోపాస్కల్స్ తగ్గితే అనుమానించాలి. 5 తగ్గితే సుమారు 200 మైళ్ల లోపు తుపాను ఉందనే లెక్క వేసుకుని కదలాలి. గాలి దిశ గడియారం ముల్లు తిరిగే వైపు మారుతూ పోతే ఓడ ప్రమాదకరమైన కుడి భాగంలో ఉన్నట్టు. అప్పుడు గాలిని ముందు భాగంలో కుడివైపు ఉంచుకుని, గాలి మారేకొద్దీ ఓడను కుడికి తిప్పుకుంటూ దూరం జరగాలి. పాఠ్యపుస్తకం ఇంతే చెబుతుంది. కళింగపట్నం ఎదుట ఉన్న ఓడకు పడమట నేల అడ్డం. తిరగడానికి చోటు ఒక పక్కే ఉంటుంది. అందుకే ఇక్కడ ఒకరోజు ముందే లేచి దక్షిణానికో, లోతు సముద్రంలోకో జారుకోవడం తెలివైన పని. గాలి ముదిరాక లంగరు ఎత్తడమే కష్టం. గొలుసు బిగిసి విండ్‌లాస్ (లంగరు ఎత్తే యంత్రం) లాగలేదు, ముందు డెక్ మీదికి మనుషులను పంపడం ప్రాణాంతకం.

ఉండిపోవాలని నిర్ణయిస్తే గొలుసు మరింత వదలాలి (గొలుసును కొలిచే షాకిల్ ఒక్కోటి 27.5 మీటర్లు), ఇంజన్ సిద్ధంగా ఉంచాలి, బ్రిడ్జి మీద పూర్తి వాచ్ నడపాలి, ఒడ్డున ఉన్న రెండు మూడు గుర్తుల బేరింగులు తరచుగా తీస్తుండాలి. లంగరు జారిందని తెలిసేసరికే ఆలస్యమైపోవడానికి ఒక కారణం, జీపీఎస్ అలారం వలయాన్ని మరీ పెద్దగా పెట్టుకోవడం. ఇంకో బాధ్యత చాలామందికి గుర్తుండదు. ముందస్తు హెచ్చరిక ఏదీ రాని తుపానో, 10వ శ్రేణి గాలో ఎదురైతే దగ్గరలోని ఓడలకు, తీరంలోని అధికారులకు సందేశం పంపడం సోలాస్ కింద కెప్టెన్ విధి.

పైలట్ ఎక్కినా

పైలట్ ఓడెక్కాక బాధ్యత ఆయనదే అనే భ్రమ సముద్రం మీద పాతది. పైలట్ స్థానిక జ్ఞానంతో ఓడను నడిపిస్తాడు. ఓడ భద్రత బాధ్యత మాత్రం కెప్టెన్ దగ్గరే ఉంటుంది. పనామా కాలువ లాంటి చోట్ల నియమాలు వేరు. 2021 మార్చి 23న సూయజ్ కాలువలో ఎవర్ గివెన్ అడ్డం తిరిగినప్పుడు బ్రిడ్జి మీద కాలువ పైలట్లు ఉన్నారు. అయినా కాలువ నియమాల ప్రకారం జవాబుదారీ కెప్టెన్‌దే. ఓడ కదిలి కాలువ తెరుచుకున్నాక కూడా నష్టపరిహారం తేలేదాకా, అంటే జులై 7 వరకు, ఓడతో పాటు భారతీయ సిబ్బంది అక్కడే ఆగిపోయారు. పైలట్ ఎక్కగానే ఓడ డ్రాఫ్ట్ (నీటిలో మునిగి ఉన్న లోతు), ఇంజన్ స్పందించే తీరు, చెడిపోయి ఉన్న పరికరాలు దాచకుండా చెప్పాలి. ఆయన ఏ దారిన, ఎంత వేగంతో, ఎన్ని టగ్గులతో తీసుకెళ్తాడో అడిగి తెలుసుకోవాలి. అనుమానం వస్తే ప్రశ్నించాలి, తీరకపోతే ఆజ్ఞను మార్చాలి.

అదే సమయంలో పైలట్‌తో కలిసి పనిచేస్తే ఎంత మేలో 2024 మార్చి 26న బాల్టిమోర్‌లో తెలిసింది. డాలీ ఓడకు కరెంటు పోయి వంతెన వైపు కొట్టుకుపోతుండగా బ్రిడ్జి నుంచి వెళ్లిన అత్యవసర పిలుపుతో పోలీసులు వంతెన మీద వాహనాలను ఆపేశారు. వంతెన మీద పనిలో ఉన్న ఆరుగురు కార్మికులు చనిపోయారు, కానీ ఇంకెన్నో ప్రాణాలు మిగిలాయి.

తెప్పలు, ఫైబర్ బోట్లు, రాత్రి కాపలా

కళింగపట్నం, భావనపాడు, బారువ, అటు విజయనగరం జిల్లా చింతపల్లి, ముక్కాం ఎదుట రాత్రిపూట ఓడ నడిపేవాళ్లకు పెద్ద పరీక్ష చేపల పడవలు. చిన్న ఫైబర్ బోట్లకు చాలావాటికి ఏఐఎస్ (పడవ ఎక్కడుందో ఇతర ఓడలకు చెప్పే పరికరం) ఉండదు. అలలు లేచినప్పుడు రాడార్ తెర నిండా కమ్ముకునే చుక్కల్లో అవి కలిసిపోతాయి. దీపం ఉన్నా ఒక టార్చి లైటు మాత్రమే కావచ్చు. అందుకే ఈ తీరం దాటే ఓడ కెప్టెన్ తన నైట్ ఆర్డర్ బుక్‌లో రాయవలసిన మాటలు సూటిగా ఉండాలి: లుకౌట్‌కు ప్రత్యేకంగా ఒక మనిషి, ఆటోపైలట్ నుంచి చేతి చుక్కానికి ఎప్పుడు మారాలి, ఎన్ని మైళ్లలో పడవలు కనిపిస్తే తనను లేపాలి. "అనుమానం వస్తే పిలవండి" అని ఒక్క మాట రాసి వదిలేస్తే థర్డ్ ఆఫీసర్ మొహమాటపడి పిలవడు. పిలిచాక కెప్టెన్ విసుక్కుంటే రెండోసారి అస్సలు పిలవడు.

ఢీకొంటే ఆగాలి, సాయం చేయాలి, ఓడ పేరు, రేవు చెప్పాలి. ఇది అంతర్జాతీయ చట్టంలోనూ, మన చట్టంలోనూ ఉంది. 2012 మార్చి 1న కేరళలో ఆలప్పుళ తీరం ఎదుట చేపల పడవను ఢీకొట్టి ఆగకుండా వెళ్లిపోయిందన్న ఆరోపణపై ప్రభుదయ అనే సరుకు ఓడ కెప్టెన్‌ను కూడా అరెస్టు చేశారు. ప్రమాదానికి శిక్ష ఒక ఎత్తు, ఆగకపోవడానికి ఇంకో ఎత్తు.

ఆపదలో ఉన్నవాళ్ల కబురు వింటే పూర్తి వేగంతో వెళ్లి సాయం చేయడం కూడా అలాంటి విధే. ఆపదలో ఉన్న మనిషి ఏ దేశస్థుడు, ఏ పనిమీద ఉన్నాడు అన్నది ప్రశ్నే కాదు. వెళ్లలేకపోతే ఎందుకు వెళ్లలేదో లాగ్‌బుక్‌లో రాయాలి. వేటకెళ్లి ఇంజన్ చెడిపోయి కొట్టుకుపోయిన మత్స్యకారులు ఏ ఓడనో ఎక్కి ఇళ్లకు చేరడం వెనుక ఈ నియమం ఉంది.

సిబ్బంది లెక్కలు, నూనె లెక్కలు

మన కుర్రాళ్ల ఇళ్లవాళ్లకు నేరుగా తగిలే భాగం ఇది. ఎస్టీసీడబ్ల్యూ (నావికుల శిక్షణ, కాపలా ప్రమాణాలు), ఎంఎల్‌సీ (నావికుల పని హక్కులు) ఒప్పందాల ప్రకారం ప్రతి మనిషికీ 24 గంటల్లో కనీసం 10 గంటలు, ఏడు రోజుల్లో 77 గంటలు విశ్రాంతి. రోజు విశ్రాంతిని రెండు ముక్కలకు మించి చేయకూడదు, అందులో ఒకటి కనీసం ఆరు గంటలు. వీటిని రాసిన కాగితం మీద కెప్టెన్ సంతకం ఉంటుంది. కంప్యూటర్‌లో ఉల్లంఘన కనిపిస్తే ఎర్రరంగు వస్తుంది కాబట్టి గంటలు సర్ది పచ్చరంగు తెప్పించడం చాలా ఓడల్లో అలవాటైపోయింది. పోర్ట్ స్టేట్ ఇన్‌స్పెక్టర్ (వచ్చిన ఓడలను తనిఖీ చేసే రేవు దేశం అధికారి) దాన్ని తేలిగ్గానే పట్టుకుంటాడు. రాత్రి 2 గంటలకు ఓడ బెర్త్‌కు కట్టినట్టు డెక్ లాగ్‌లో ఉంటుంది, తాళ్లు కట్టిన ఏబీ అదే సమయంలో నిద్రపోతున్నట్టు విశ్రాంతి కాగితంలో ఉంటుంది. మనుషులు చాలకపోతే అది ఒడ్డుకు రాయవలసిన లోపం. తప్పుడు లెక్కతో దాన్ని కప్పెడితే కంపెనీ లోపం కెప్టెన్ నేరమవుతుంది.

మూసి ఉన్న ట్యాంకుల్లోకి, హోల్డుల్లోకి దిగడం దగ్గర కెప్టెన్ అలసత్వానికి ప్రాణాలు పోతాయి. తుప్పు గాలిలోని ఆక్సిజన్‌ను తినేస్తుంది. బొగ్గు, కలప లాంటి సరుకులూ అంతే. లోపల 20.9 శాతం ఆక్సిజన్ ఉందని పైన, మధ్యన, అడుగున మూడుచోట్ల కొలిచాకే పర్మిట్ మీద సంతకం పడాలి. ఒకడు పడిపోతే రక్షించబోయి రెండోవాడు, మూడోవాడు దిగి చనిపోవడం ఈ ప్రమాదాల్లో పదేపదే జరిగేది. అందుకే 2015 జనవరి నుంచి రెండు నెలలకోసారి దీనికి డ్రిల్ తప్పనిసరి చేశారు. డ్రిల్ చేయకుండానే చేసినట్టు రాసే కెప్టెన్ చేతిలో సిబ్బంది ప్రాణాలు భద్రంగా లేవు.

ఎవరికైనా జబ్బు చేస్తే రేడియో ద్వారా ఒడ్డున ఉన్న డాక్టర్ సలహా తీసుకోవడం, అవసరమైతే ఓడ దారి మళ్లించడం కెప్టెన్ పని. ఖర్చు చూసి మళ్లించకుండా ఉండకూడదు. ఎవరైనా చనిపోతే అఫీషియల్ లాగ్‌లో రాయాలి, మనిషి వస్తువులన్నీ సాక్షుల ముందు జాబితా వేయాలి, రావలసిన జీతం లెక్క తేల్చాలి. ఇంటివాళ్లకు తరువాత నష్టపరిహారం రావడంలో ఈ కాగితాలే ఆధారం. ఆ జాబితా కాపీ అడిగి తీసుకోవచ్చన్న సంగతి కుటుంబాలకు తెలిసి ఉండాలి.

నూనె విషయానికి వస్తే ఆయిల్ రికార్డ్ బుక్‌లో రాసేది ఇంజన్ రూమ్ వాళ్లు. ప్రతి పేజీ కింద సంతకం మాత్రం కెప్టెన్‌ది. 15 పీపీఎం (పది లక్షల పాళ్లలో 15 పాళ్లు) మించి నూనె ఉన్న నీటిని సముద్రంలోకి వదలకూడదు. నీటి నుంచి నూనెను వేరుచేసే సెపరేటర్‌ను తప్పించి దొంగ పైపు ద్వారా వదిలేసిన కేసుల్లో అమెరికా కోర్టులు ముందు పట్టుకునేది తప్పుడు రికార్డును. ఇంజనీరు కాని కెప్టెన్ దీన్ని తనిఖీ చేసే తేలికైన మార్గం ఉంది. హెవీ ఫ్యూయల్ వాడకంలో సుమారు 1 నుంచి 1.5 శాతం మురుగు నూనె పుడుతుంది. రోజుకు 30 టన్నులు కాలిస్తే 300 నుంచి 450 కిలోలు. పుస్తకంలో నెలకు 2 టన్నులే కనిపిస్తే మిగతాది ఎక్కడికి పోయిందో చీఫ్ ఇంజనీర్‌ను అడగాలి. అడగకుండా సంతకం పెట్టినవాడు "నాకు తెలియదు" అంటే కోర్టు వినదు.

ప్రమాదం జరిగాక మొదటి గంటలు

2007 డిసెంబర్ 7న దక్షిణ కొరియా తీరంలో లంగరేసి ఉన్న హెబీ స్పిరిట్ ట్యాంకర్‌ను, లాగుతున్న తాడు తెగిన క్రేన్ బార్జ్ వచ్చి గుద్దింది. పది వేల టన్నులకు పైగా ముడిచమురు సముద్రం పాలైంది. కదలకుండా నిలబడి ఉన్న ఓడ భారతీయ కెప్టెన్, చీఫ్ ఆఫీసర్ కింది కోర్టులో నిర్దోషులుగా తేలినా పై కోర్టులో జైలు శిక్ష పడింది. సుప్రీంకోర్టు దాన్ని పక్కనపెట్టాక 2009 జూన్‌లో గానీ ఇళ్లకు చేరలేదు. దీనికి పూర్తిగా భిన్నమైనది మారిషస్‌లో వకాషియో. 2020 జులై 25న ఫోన్ సిగ్నల్ కోసం తీరానికి దగ్గరగా వెళ్లి పగడపు దిబ్బ ఎక్కింది. ఆ ఓడ కెప్టెన్ కూడా భారతీయుడే, శిక్ష పడింది.  అక్కడ ప్యాసేజ్ ప్లాన్‌లో (ముందే వేసుకున్న ప్రయాణ దారిలో) లేని మార్పే ముప్పు.

ప్రమాదం జరగగానే ప్రాణాలు, ఓడ, కాలుష్యం, ఈ వరసలో పనులు జరుగుతుండగా ఒకరు వెళ్లి వీడీఆర్ (ఓడ బ్లాక్ బాక్స్) సేవ్ బటన్ నొక్కాలి. పాత యంత్రాలు 12 గంటలు దాటాక పాత రికార్డు మీదే కొత్తది రాసేస్తాయి. ఈ ఒక్క బటన్ మర్చిపోయి తమ పక్షాన ఉన్న సాక్ష్యాన్నే పోగొట్టుకున్నవాళ్లు ఉన్నారు. లాగ్‌లో ఏదీ చెరపకూడదు. తప్పు రాస్తే ఒక గీత కొట్టి పక్కన సంతకం పెట్టాలి. పీ అండ్ ఐ క్లబ్ న్యాయవాది, భారత రాయబార కార్యాలయం ప్రతినిధి రాకముందు పోలీసులకు వివరణలు ఇవ్వాల్సిన పనిలేదని మర్యాదగా చెప్పొచ్చు. ఏ దేశానికీ చెందని బహిరంగ సముద్రంలో రెండు ఓడలు ఢీకొన్న కేసులో కెప్టెన్ మీద క్రిమినల్ విచారణ జరిపే హక్కు ఓడ జెండా దేశానికీ (ఓడ రిజిస్టరైన దేశం), కెప్టెన్ సొంత దేశానికీ మాత్రమే ఉందని ఐక్యరాజ్యసమితి సముద్ర చట్ట ఒప్పందం 97వ అధికరణం చెబుతోంది. తీర జలాల్లో ఈ రక్షణ లేదు.

ఓడ మునిగే స్థితిలో సాల్వేజ్ ఒప్పందం (ఓడను, సరుకును కాపాడే పనికి) మీద సంతకం పెట్టే అధికారం కూడా కెప్టెన్‌కు ఉంది. 1989 సాల్వేజ్ ఒప్పందం ఆ అధికారాన్ని ఓనర్ తరఫున ఆయనకే ఇచ్చింది. ముంబయిలో ఉన్న ఆఫీసు నిద్రలేచేదాకా ఎదురుచూడనక్కర్లేదు.

జీతం ఆగిన ఓడలో

ఉత్తరాంధ్ర నుంచి ఎక్కేవాళ్లలో కొందరికి ఎదురయ్యే చేదు అనుభవం ఓనర్ ఓడను గాలికి వదిలేయడం. రెండు నెలల జీతం రాకపోతే ఎంఎల్‌సీ దాన్ని వదిలేసినట్టే పరిగణిస్తుంది. 2017 జనవరి నుంచి ఓనర్ తప్పనిసరిగా చేయించవలసిన బీమా ఇంటికి తిరిగి పంపే ఖర్చుతో పాటు నాలుగు నెలల దాకా జీతం ఇస్తుంది. ఆ బీమా సర్టిఫికెట్ ఓడలో అందరికీ కనిపించేలా అతికించి ఉంచడం కెప్టెన్ చూసుకోవాలి. ఫిర్యాదు వస్తే తీసుకోవాలి, ఫిర్యాదు చేసినవాడిని వేధించకూడదు. కెప్టెన్ మీదే ఫిర్యాదైతే డిజిగ్నేటెడ్ పర్సన్‌కు, జెండా దేశానికి, లేదా ఓడ ఉన్న రేవు అధికారులకు నేరుగా వెళ్లొచ్చు.

ఇదంతా పనిచేయాలంటే ఎక్కేటప్పుడే కాగితం సరిగ్గా ఉండాలి. ఆర్‌పీఎస్ఎల్ (నావికులను ఓడల్లో పెట్టేందుకు ప్రభుత్వం ఇచ్చే) లైసెన్స్ ఉన్న కంపెనీ ద్వారానే ఎక్కాలి; ఆ నంబర్‌ను డైరెక్టరేట్ జనరల్ ఆఫ్ షిప్పింగ్ వెబ్‌సైట్‌లో చూసుకోవచ్చు. ఉద్యోగం ఇప్పిస్తానని సీమన్ దగ్గర డబ్బు తీసుకోవడం నిషిద్ధం. లైసెన్స్ లేని ఏజెంట్ టూరిస్టు వీసా మీద పంపిన కుర్రాడు ఓడెక్కాక అక్కడి కెప్టెన్ ఎంత మంచివాడైనా చేయగలిగింది తక్కువ, ఎందుకంటే ఆ కెప్టెన్‌కు కూడా చాలాసార్లు జీతం అందుతూ ఉండదు.

ఓడ విశాఖ రేవులో ఉంటే మాత్రం దారి దగ్గరే ఉంది. 2017 అడ్మిరాల్టీ చట్టం ప్రకారం హైకోర్టు ఆదేశంతో ఓడనే అరెస్టు చేయించవచ్చు. మన రాష్ట్రానికి ఆ అధికారం అమరావతిలోని హైకోర్టుకు ఉంది. ఓడ అమ్మితే వచ్చే డబ్బులో మారిటైమ్ లీన్ల (ఓడ మీదే ఉండే బాకీ హక్కుల) వరసలో మొదటి హక్కు సిబ్బంది జీతాలకు. జీతం రావలసిన తేదీ నుంచి రెండేళ్లలోపు ఓడను అరెస్టు చేయించకపోతే ఆ హక్కు పోతుంది. ఈ కేసులో ఓఎస్, ఏబీ, కుక్‌తో పాటు కెప్టెన్ కూడా అదే హక్కుదారుల జాబితాలో ఉంటాడు. ఎవరికి ఎన్ని నెలలు, ఎంత బాకీ అని తేల్చడానికి కోర్టు అడిగే జీతాల లెక్కను రాసి సంతకం పెట్టి ఇవ్వవలసింది కూడా ఆయనే.